నువ్వుకి అరమీటరు తక్కువ

మా లోయలో వెయ్యి మీటర్ల ఎత్తు దాటాక ఎవరూ ఎవరికీ ‘మీరు’ కారు. కింద జడ్జిగారైనా, బిషప్పుగారైనా ఆ ఎత్తు దాటితే నువ్వే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పైనుంచి మంచు విరిగి పడుతుంటే ‘అయ్యా, తమరు దయచేసి కాస్త పక్కకి తప్పుకుంటారా’ అని పూర్తిచేసే లోపు ఆ అయ్యగారు ఉండరు కాబట్టి పెట్టుకుని ఉంటారని మా నాన్న అనేవాడు.

మా దుకాణం ఔసర్‌బాఖ్‌లో రోప్‌వే స్టేషనుకి ఎదురుగా ఉంటుంది. కింది గదిలో టోపీలు, గ్లవ్స్, హెల్మెట్లు, గల్లాపెట్టె, దాని వెనక మా అమ్మ. మెట్లెక్కితే పైన పనిగది. స్కీ బూట్లు కాళ్లకి కుదిర్చే పని నేను అక్కడే చేస్తాను. ఆ మెట్ల పక్క గోడ మీద, సగం కన్నా కాస్త పైన, ఒక ఎర్ర గీత ఉంటుంది. దాని పక్కన ‘1000’ అని అంకె. నాన్న ఎత్తు కొలిచే ఆల్టిమీటరు పట్టుకుని మెట్టు మెట్టుకీ ఆగి చూసుకుంటూ గీసిన గీత అది. గీత కింద కొనడానికి వచ్చినవాళ్లు ‘మీరు’. గీత దాటితే ‘నువ్వు’.

ఇది సరదాకి పెట్టుకున్నది కాదు. నాకు ఇది లేకపోతే పని జరగదు. ఎందుకంటే నేను అమ్మేవి పందెం బూట్లు, అదీ జన్మలో పందేనికి వెళ్లని వాళ్లకి. ఆదివారాలు సరదాగా మంచు మీద జారేవాళ్లు, కాస్త బొజ్జ ఉన్నవాళ్లు, వారమంతా కుర్చీలో కూర్చునేవాళ్లు. అందరూ ఎక్కడో ఎవరో అంటగట్టిన వదులు బూట్లతో వస్తారు. దుకాణంలో తొడిగి చూసినప్పుడు ఇంట్లో చెప్పుల్లా హాయిగా ఉన్నాయట! ఆ హాయి కొండ మీద తెలుస్తుంది. కాలు ఎడమకి తిరుగుతుంది, బూటు కాసేపు ఆలోచించి తిరుగుతుంది, స్కీ సాయంత్రానికి తిరుగుతుంది.

వదులు బూటుని ఎవరూ బాగుచెయ్యలేరు, లోపల కాలుని పెంచలేం కదా. ఇరుకు బూటు అలా కాదు. గట్టి ప్లాస్టిక్ డొప్పని వేడి చేసి ఎముక తగిలే చోట బయటికి నొక్కవచ్చు, లోపల అరగదీయవచ్చు. కానీ ఎక్కడ నొక్కాలో, ఎక్కడ అరగదీయాలో కాలు గలవాడు చెప్పాలి. ‘మీరు’ అనిపించుకునే మనిషి నొప్పి చెప్పడు. ప్రాణం పోతున్నా ‘పర్వాలేదండీ’ అంటాడు. అదే ‘నువ్వు’ అన్నామా, ‘ఒసే రాక్షసీ, ఇక్కడే, ఇక్కడే!’ అని వేలు పెట్టి చూపిస్తాడు. నాకు కావలసింది ఆ వేలు.

ఆంబ్రోస్ వెస్సెలీ మా దుకాణానికి డిసెంబరు మొదట్లో వచ్చాడు. వియన్నా మనిషి. భూమి కొలతల శాఖలో ఇంజనీరు, మా జిల్లా ఆఫీసుకి బదిలీ మీద వచ్చాడు. తలుపు దగ్గరే టోపీ తీసి ముందు అమ్మకి, తర్వాత నాకు, ఆ ఊపులో కోటు తొడిగి నిలబెట్టిన బొమ్మకి కూడా తలవంచాడు.

“అమ్మగారూ, తమ దగ్గర పందెం బూట్లు దొరుకుతాయని విన్నాను. తమకి శ్రమ కాకపోతేనే,” అన్నాడు.

“శ్రమ నాకు కాదండీ, మీకు,” అన్నాను. “పందేనికి వెళ్తారా?”

“అయ్యో, లేదండీ. శనివారాలు మా ఆఫీసువాళ్లు పైనుంచి కిందిదాకా ఆగకుండా దిగుతారు. నేను మాత్రం ప్రతి మలుపులోనూ ఆగి, నా కాళ్లు బూట్లలో ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వస్తోంది.”

పాత బూట్లు చంకలోనే తెచ్చుకున్నాడు. తొడుక్కోమన్నాను. ఆయన కాలు లోపల ఉండగానే నా చెయ్యి మణికట్టు దాకా పట్టింది. అమ్మ గల్లాపెట్టె మీంచి వంగి చూసింది.

“పక్కన ఒక కుక్కపిల్లని కూడా పెట్టుకోవచ్చు నాయనా, చలికి వెచ్చగా ఉంటుంది,” అంది. ఆవిడకి అందరూ నాయనలే, ఎత్తుతో పనిలేదు. మరో నాలుగు మాటల్లో, ఆయన భార్య ఏనాడో విడాకులిచ్చి ఒక దంత వైద్యుణ్ణి చేసుకుందని కూడా రాబట్టేసింది.

ఆయన్ని తీసుకుని మెట్లెక్కాను. ఎర్ర గీత దాటగానే అందరితో చేసినట్టే వెనక్కి తిరిగి చెయ్యి చాపాను.

“ఇక్కణ్ణించి నువ్వే. నేను జెంజి. నీ పేరు?”

ఆయన ఒక కాలు గీత పైన, ఒక కాలు కింద పెట్టి ఆగిపోయాడు. కళ్లజోడు సర్దుకుని గీతని చూశాడు. వేలుతో తడిమాడు.

“ఇది ఎవరు గీశారండీ?”

“మా నాన్న. ఆల్టిమీటరుతో కొలిచి.”

“ఓహో,” అన్నాడు. ఆ ఓహో నాకు నచ్చలేదు. “ఆ రోజు వాతావరణం ఎలా ఉందో జ్ఞాపకం ఉందాండీ?”

“నాకప్పుడు పళ్లు కూడా సరిగ్గా రాలేదు. వాతావరణం ఎవడిక్కావాలి?”

“అలా కాదండీ. తుఫాను ముందు గాలి ఒత్తిడి పడిపోతే ఆ పరికరం ఉన్నదానికన్నా ఎక్కువ ఎత్తు చూపిస్తుంది. నేను సోమవారం వచ్చి కొలుస్తాను. ఆ తర్వాత తమ చెయ్యి అందుకుంటాను. వెయ్యి కాని ఎత్తులో తమని ‘నువ్వు’ అంటే అవమానం కదండీ.”

నా చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. మా దేశంలో ఆడది ‘నువ్వు అనుకుందాం’ అని చెయ్యి చాపితే మొగవాడు చెయ్యి కలుపుతాడు. కొలిచి చూస్తానన్నవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒళ్లు మండిపోయింది.

మండుతూనే స్టూలు మీద కూర్చోబెట్టి మేజోళ్లు విప్పించాను. ఎత్తైన పాదం, సన్నటి మడమ, చీలమండ పక్కన కాస్త పొడుచుకొచ్చిన ఎముక. ఇలాంటి కాలికి వదులు బూటు అమ్మినవాణ్ణి జైల్లో వెయ్యాలి. నేను ఎముక తడిమి చూస్తుంటే ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు.

“తమ చేతులు బాగా చల్లగా ఉన్నాయండీ. ఒక్క నిమిషం,” అని తన ఉన్ని టోపీ తీసి నా రెండు చేతులకీ చుట్టాడు.

ఆ స్టూలు మీద కూర్చున్న ప్రతివాడూ తన కాళ్లనే చూసుకుంటాడు. నా చేతుల్ని చూసినవాడు ఈయనొక్కడే. ఇంకేముంది, నచ్చేశాడు. యాభై దాటాక, మోకాళ్ల మీద కూర్చుని, ఒళ్లో బూటు డొప్ప పెట్టుకుని ఉండగా నాకు ఒక మనిషి నచ్చాడు. అప్పటినుంచి నాకు కావలసింది ఒక్కటే, ఆ మనిషి నన్ను ‘నువ్వు’ అనాలి. అడిగి అనిపించుకోను. ఒకసారి చెయ్యి చాపాను, రెండోసారి చాపను.

టోపీ తిరిగిచ్చి ఇరుకు డొప్ప తొడిగాను, కొక్కేలు బిగించాను.

“ఎక్కడైనా నొక్కుతోందాండీ?”

“ఎక్కడా లేదండీ.” ఎడమ కనుబొమ్మ పైకి లేచింది.

“చీలమండ దగ్గర?”

“హాయిగా ఉందండీ.” కనుబొమ్మ జుట్టులో కలిసింది.

“చిటికెన వేలు?”

“తమ దయవల్ల క్షేమం.”

సోమవారం అన్న మాట ప్రకారం మూడుకాళ్ల పరికరం పట్టుకుని వచ్చేశాడు. చర్చి గోడలో ప్రభుత్వం వాళ్లు దిగ్గొట్టిన ఇనుప బొడిపె ఒకటుంది, దాని ఎత్తు ఎంతో వాళ్లకి తెలుసట. అక్కణ్ణించి మొదలుపెట్టి, వీధి దాటి, మా గుమ్మం దాటి, అంకెల కర్ర పట్టుకుని మెట్లెక్కాడు. కొలవడం అయ్యాక మొహం పాలిపోయి కిందికి దిగాడు.

“చెప్పడానికి బాధగా ఉందండీ. పైన పనిగది నేల కూడా వెయ్యికి అరమీటరు తక్కువే.”

అమ్మ గల్లాపెట్టె మూసేసింది. “దేన్నించి కొలిచావు నాయనా?”

“సముద్రమట్టం నుంచండీ.”

“మన దేశానికి సముద్రం ఎక్కడుంది?”

“ట్రియెస్ట్ రేవు నుంచి లెక్కండీ. అది ఒకప్పుడు మనదే.”

“ఎప్పుడో పోగొట్టుకున్న సముద్రాన్ని పట్టుకొచ్చి నా మొగుణ్ణి అబద్ధాలకోరు అంటావా!”

“లేదండీ, లేదండీ. ఆ రోజు తుఫాను వచ్చి ఉంటుంది, అంతే.”

నేను మాత్రం లెక్క వేస్తున్నాను. “అరమీటరంటే మోకాలి ఎత్తు. అంటే పైన నిలబడితే మోకాళ్ల పైభాగం వెయ్యి దాటినట్టేగా?”

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. “పైభాగం వరకూ దాటినట్టేనండీ. కానీ తమ పని మొత్తం మోకాలి కిందే కదా.”

“స్టూలెక్కించి నిలబెట్టవే,” అంది అమ్మ.

“ఎత్తు నేల నుంచే లెక్కండీ. స్టూలు నుంచి కాదు.”

“అయితే సరేనండీ,” అన్నాను. “మీరే. మీరూ, మీ పాదాలూ, మీ చిటికెన వేలూ. బూట్లు హాయిగా ఉన్నాయన్నారుగా, తీసుకెళ్లండి.” ఎక్కడా నొక్కలేదు, అరగదీయలేదు. డొప్పలు కంపెనీ నుంచి ఎలా వచ్చాయో అలాగే సంచిలో పెట్టి ఇచ్చేశాను. వెళ్లేటప్పుడు మళ్లీ ముగ్గురికీ తలవంచాడు.

ఈ సంగతి లోయంతా పాకిపోయింది. బుధవారం బ్యాంకు మేనేజరు హైల్‌విగ్‌గారు బూటు సరిచేయించుకోవడానికి వచ్చి ఎర్ర గీత దగ్గరే ఆగిపోయారు.

“పోయినేడు పైన మీరు నన్ను మొండిమేకా అన్నారు. అది అరమీటరు తక్కువలో అన్నట్టు తేలిందటగా?” అన్నారు.

“అయితే ఏం చెయ్యమంటారు?”

“మొండిమేకగారూ అని ఉండాల్సింది.”

సరే, మొండిమేకగారూ అని అన్నాను. ఆవిడ సంతోషంగా స్టూలు మీద కూర్చున్నారు. ఎక్కడ నొప్పి అంటే ఎక్కడా లేదన్నారు. ఆ వారం పైకి వచ్చిన ఒక్క పాదానికీ నొప్పి లేదు. నా వేడిగాలి యంత్రం మూలన పడింది. ఒక సర్వే ఇంజనీరు మా ఊరిని మొత్తం మర్యాదస్తుల ఊరు చేసేశాడు.

శనివారం మధ్యాహ్నం దుకాణం అమ్మకి వదిలేసి నేను స్కీలు తీసుకుని పైకి వెళ్లాను. కొండ మీద రెస్టారెంటు ముందు బెంచీ మీద ఆంబ్రోస్ కూర్చుని ఉన్నాడు. ఉల్లిపాయలు వేసిన చీజు ముద్దలు ముందు పెట్టుకుని, తినకుండా, కొక్కేలన్నీ ఊడదీసి కాళ్లు చాపుకున్నాడు. నన్ను చూడగానే చెయ్యి ఊపాడు.

“జెంజీ! రా, కూర్చో. నువ్వొస్తావేమో అని పొద్దుట్నించీ చూస్తున్నాను.”

నేను స్కీ మీద ఉన్నదాన్ని ఉన్నట్టే చతికిలబడ్డాను. వెయ్యి కాదు, రెండు వేల మీటర్లు. ఇక్కడ ఎవరికీ అనుమానం లేదు, ఏ సముద్రం నుంచి కొలిచినా.

“ఎలా ఉన్నాయి బూట్లు?” అన్నాను.

“నరకం. చిటికెన వేలు ఉందో పోయిందో తెలియడం లేదు. చీలమండని ఎవరో మేకుతో పొడుస్తున్నారు. కానీ జెంజీ, తిరగాలనుకుంటే చాలు, తిరిగిపోతున్నాను! ఇవాళ ఎక్కడా ఆగలేదు. అరుస్తూ దిగాను. ఆనందంతో సగం, నొప్పితో సగం.”

“మరి దుకాణంలో ఎందుకు చెప్పలేదురా మహానుభావా?”

“అక్కడ ఎలా చెప్తాను? అక్కడ నువ్వు మీరు కదా.”

వచ్చిన కోపం నవ్వులోకి తిరిగిపోయింది. జేబులో నీలం సుద్దముక్క ఎప్పుడూ ఉంటుంది. మంచులో మోకాళ్ల మీద కూర్చుని ఎక్కడ, ఎక్కడ అని అడిగాను. ఆయన వేలు పెట్టి చూపించాడు, నేను డొప్ప మీద గుర్తులు పెట్టాను. ఆ చీజు ముద్దలు ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నాం. అంత సంతోషంగా నేను ఉండి చాలా కాలమైంది.

చీకటి పడేలోపు రోప్‌వే డబ్బాలో కిందికి దిగాం. ఇద్దరమే ఉన్నాం. దారంతా నువ్వు, నువ్వు అంటూనే ఉన్నాడు. నువ్వు మలుపు తిరిగితే మంచు చప్పుడు కూడా చెయ్యదు అన్నాడు. నీ చేతులు ఇప్పుడు వెచ్చగా ఉన్నాయా అన్నాడు. స్టేషను దగ్గర పడుతోంది. చివరి స్తంభం కనిపించింది.

“జెంజీ, నేను ఈ ఊరు వచ్చింది మొదలు ఎవరితోనూ ఇంతసేపు మాట్లాడలేదు. ఎందుకో నువ్వు పక్కనుంటే, నువ్వు...” డబ్బా స్తంభం దాటి గడగడలాడింది. “...తమరు రేపు దుకాణం తెరుస్తారాండీ?”

ఆ స్తంభం దగ్గర ఎత్తు వెయ్యి అట. అది కూడా కొలిచి పెట్టుకున్నాడు. డబ్బాలోంచి కిందికి తోసేద్దామనిపించింది. అప్పటికే స్టేషను వచ్చేసింది.

“ఆదివారం తెరవనండీ,” అన్నాను. “ఒక్క సంగతి. చలికి ఆ ప్లాస్టిక్ రాయిలా బిగుసుకుంటుంది. బయట కారు దగ్గర విప్పాలని చూడకండి. దుకాణంలోకి వచ్చి విప్పుకోండి.”

“అయ్యో, తమకెందుకండీ శ్రమ,” అన్నాడు.

దుకాణంలోకి వచ్చి గ్లవ్స్ సర్దడం మొదలుపెట్టాను. అమ్మ కిటికీ దగ్గర నిలబడి చూస్తోంది.

“ఒసే, నీ ఇంజనీరు కారు డిక్కీలో కూర్చుని కాలుతో కుస్తీ పడుతున్నాడు.”

“నా ఇంజనీరేంటి?”

“ఎవరి ఇంజనీరైతేనేం, కాలు గెలుస్తోంది.”

నేను వెళ్లలేదు. వెళ్లకూడదనుకున్నాను. చాలాసేపటికి తలుపు గంట మోగింది. ఆంబ్రోస్ లోపలికి వచ్చాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. బూట్లు కాళ్లకే ఉన్నాయి.

“క్షమించాలండీ. తమ దగ్గర చిన్న కత్తిలాంటిది ఏమైనా...”

“బూటు కొయ్యడానికా, కాలు కొయ్యడానికా?” అంది అమ్మ.

కింది గదిలోనే కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఆ కాళ్లతో మెట్లెక్కలేడు. హెయిర్ డ్రయ్యర్ తెచ్చి డొప్పకి వేడిగాలి పెట్టాను. కాస్త మెత్తబడ్డాక రెండు చేతులతో డొప్ప నోరు విడదీసి, మడమ కింద పట్టు బిగించాను.

“లాగనా అండీ?”

“లాగండి.”

“నొప్పిగా ఉందా అండీ?”

“ఏమాత్రం లేదండీ.” కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారుతున్నాయి.

కళ్లలో నీళ్లు పెట్టుకుని నాతో మర్యాదగా మాట్లాడే మనిషిని చూస్తే నాకు జాలీ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఉన్న బలమంతా పెట్టి లాగాను.

“అమ్మో! ఆగవే జెంజీ! చంపేస్తావా నువ్వు? మెల్లగా, ఇక్కడ, ఇక్కడ పట్టుకుంది, కళ్లు కనిపించడం లేదా నీకు!”

బూటు ఊడొచ్చింది. నేను బూటుతో సహా వెనక్కి వెళ్లి హెల్మెట్ల అర మీద పడ్డాను. హెల్మెట్లన్నీ దొర్లాయి. ఆఖరి హెల్మెట్ అమ్మ కాళ్ల దగ్గర ఆగింది.

ఆంబ్రోస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. “క్షమించండి. ఎంత కింద అనేశాను! ఇది ఎర్ర గీతకి కూడా కింద.”

నేను లేచి నడుము రుద్దుకున్నాను. “ఇంకో కాలు ఉంది,” అన్నాను.

రెండో కాలికి ఒక్కసారి కాదు, పదిసార్లు ‘నువ్వు’ అన్నాడు. రాక్షసి కూడా అన్నాడు. నాకు వినడానికి ఎంత బాగుందో చెప్పలేను. కానీ రెండో బూటు కూడా ఊడి, అమ్మ ఇచ్చిన పండ్ల సారా గుక్కెడు తాగి, ఊపిరి తీసుకోగానే మళ్లీ లేచి నిలబడ్డాడు.

“తమకి చాలా శ్రమ ఇచ్చాను. వస్తానండీ.”

అంతే. అది నొప్పి అన్న ‘నువ్వు’, మనిషి అన్నది కాదు. ఆయన బూట్లు నా దగ్గరే వదిలి వెళ్లాక, సుద్ద గుర్తులున్న వాటిని పైకి తీసుకెళ్లాను. గుర్తుగుర్తుకీ డొప్ప వేడి చేశాను, మరలో పెట్టి నొక్కాను, లోపల అరగదీశాను. కోపంతో చేసినా పని మాత్రం బాగా చేశాను. సోమవారం అమ్మ చేత ఆఫీసుకి పంపించేశాను. ఇక ఈ గుమ్మం తొక్కడానికి ఆయనకి కారణం లేకుండా పోయింది. అది బూట్లు పంపాక గాని తట్టలేదు నాకు.

ఆ వారమంతా ఆయన రాలేదు. శనివారం కొండ మీద కూడా కనిపించలేదు. తలుపు గంట మోగినప్పుడల్లా నేను తలెత్తడం అమ్మ గమనిస్తూనే ఉంది.

“సముద్రం దాకా పోయి మళ్లీ కొలుస్తున్నాడేమో,” అంది.

“పోనీ, అక్కడే ఉండమను,” అన్నాను.

ఆ మరుసటి మంగళవారం దుకాణం మూసే వేళకి ఆంబ్రోస్ వచ్చాడు. ఒక చేతిలో చిన్న నీలం రంగు డబ్బా, ఒక చేతిలో కుంచె. కాస్త కుంటుతున్నాడు. ముగ్గురికీ తలవంచాక అమ్మ ముందు నిలబడ్డాడు.

“అమ్మగారూ, తమ గోడ మీద ఒక గీత గీసుకోవడానికి అనుమతి కావాలి.”

“ఉన్న గీత తుడిచేస్తావా?”

“లేదండీ. దాని జోలికి పోను.”

అమ్మ తల ఊపింది. ఆయన మెట్లెక్కి, నాన్న ఎర్ర గీతకి రెండు మెట్లు కిందుగా, స్కేలు పెట్టి నీలం గీత గీశాడు. పక్కన ‘1000’ అని రాశాడు. దాని కింద చిన్న అక్షరాలతో ‘బెల్జియం’ అని రాశాడు.

“ఇదేంటి?” అన్నాను.

ఆయన ఊపిరి పీల్చుకుని చెప్పాడు. “ఒక్కో దేశం ఒక్కో సముద్రం నుంచి ఎత్తు కొలుస్తుందండీ. మనది ట్రియెస్ట్. జర్మనీవాళ్లది ఆమ్‌స్టర్‌డామ్. ఇటలీవాళ్లది జెనోవా. ఈ వారమంతా అన్నీ చూశాను. జర్మనీతో లాభం లేదు. ఇటలీతోనూ లాభం లేదు. కానీ బెల్జియంవాళ్లు సముద్రం బాగా వెనక్కి పోయినప్పటి మట్టం నుంచి లెక్కపెట్టుకున్నారు. వాళ్ల లెక్కలో ప్రతి కొండా మన లెక్కకన్నా ఇంచుమించు రెండు మీటర్లు ఎత్తు.”

“పాపం, చదును దేశం,” అంది అమ్మ. “ఎక్కడో అక్కడ కలుపుకోవాలిగా.”

“అందుచేత బెల్జియం లెక్క ప్రకారం అయ్యగారి గీత తప్పు కాదండీ. ఆయన గీత దగ్గర వెయ్యి దాటే ఉంది. ఆయన రెండు మెట్లు తగ్గించే చెప్పారు.”

అమ్మ గోడ మీద నాన్న ఫోటో వైపు తిరిగింది. “విన్నావా? బెల్జియంలో నువ్వు సత్యవంతుడివట,” అంది. కళ్లు తుడుచుకుంది.

నేను మెట్ల దగ్గరే నిలబడిపోయాను. అరమీటరు తేడాకి నా చెయ్యి అందుకోనివాడు నా కోసం ఐరోపాలో ఉన్న సముద్రాలన్నీ తిరగేశాడు. ఏడుపొచ్చింది. కానీ నా సంగతి నాకు తెలుసు, ఏడుపు వచ్చినప్పుడే నాకు తగువు పెట్టుకోవాలనిపిస్తుంది.

“మెట్ల మీద సరేనండీ. మరి ఈ కింది గదిలో?”

ఆయన తల దించుకున్నాడు. “కింది గది ఏ సముద్రం లెక్కలోనూ వెయ్యి కాదండీ. అన్నీ చూశాను.”

“అంటే నేను పని ముగించుకుని మెట్లు దిగగానే మళ్లీ మీరేనా? వీధిలో మీరు, చర్చిలో మీరు, అమ్మ పెట్టే కాఫీ దగ్గర మీరు. నన్ను జీవితమంతా మెట్ల మీదే కూర్చోమంటారా?”

నేను గది మధ్యకి వెళ్లి, హెల్మెట్ల అరకి, గల్లాపెట్టెకి మధ్య, అన్ని గీతలకీ అన్ని సముద్రాలకీ కింద నిలబడ్డాను.

“చెప్పేదేమైనా ఉంటే ఇక్కడికి వచ్చి చెప్పండి.”

ఆంబ్రోస్ కుంచెని డబ్బా మీద పెట్టాడు. నీలం గీత దాటి దిగాడు. ఎడమ కాలు జాగ్రత్తగా మోపుతూ ఒక్కో మెట్టూ దిగి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. టోపీ చేతుల్లో నలుపుతున్నాడు. కనుబొమ్మ లేవలేదు.

“జెంజీ,” అన్నాడు. “బూట్లు బాగా కుదిరాయి, ఒక్క చోట తప్ప. ఎడమ కాలి చిటికెన వేలు ఇంకా నొప్పిగా ఉంది. నువ్వు చూస్తావా?”

“ఇంతోటిదానికి బెల్జియం దాకా పోవాలా నాయనా,” అని అమ్మ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

నేను కుర్చీ లాగి, “కూర్చో,” అన్నాను. ఆయన కూర్చుని, మేజోడు విప్పేముందు, టోపీ నా చేతులకి చుట్టాడు.